రూమ్మేట్ పోయాడని రాసే ముందు: ఇద్దరు మగవాళ్ల కథ రాస్తున్న మీకు

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మూసాపేటలో ఒక డబుల్ బెడ్రూమ్ అద్దె ఇల్లు. కాకినాడ నుంచి వచ్చిన శ్రీధర్, కరీంనగర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన నరేష్ 2011 నుంచి అందులో ఉంటున్నారు. లోకానికి రూమ్మేట్లు, తలుపు వేసుకుంటే దంపతులు. 2019లో ఒక సాయంత్రం బైక్ యాక్సిడెంట్లో నరేష్ పోతాడు. ఊరి నుంచి అతని వాళ్లొచ్చి శవాన్ని తీసుకుపోతారు. శ్రీధర్ ఎవరికీ ఏమీ చెప్పుకోలేడు. డ్రాఫ్ట్ చదివిన స్నేహితుల్లో ఒకరు "ఏడుపు ఎక్కువైంది" అన్నారు, ఇంకొకరు "గే కథల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు చావాల్సిందేనా" అన్నారు. చావు తీసేయాలా, గే కాని నేను ఇది రాయొచ్చా, రాస్తే ఎవరైనా వేసుకుంటారా అని మీ ప్రశ్నలు.

సూటిగా జవాబు: చావు ఉంచండి. దానికి ముందు కాపురం రాయండి. మీరు పెట్టిన సారాంశంలో ఎనిమిదేళ్లు ఒక్క వాక్యంలో అయిపోయాయి. మిగతా కథంతా యాక్సిడెంట్ తర్వాతి రెండు రోజులు. నరేష్ అన్నం తినడం, అలగడం, ఫోన్లో అమ్మకు అబద్ధం చెప్పడం పాఠకుడు ఒక్కసారైనా చూడకపోతే, అతను పోయాడంటే అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాడు. మీ స్నేహితుడికి ఏడుపు ఎక్కువనిపించింది అందుకే. ఏడుపు కొలత సరిగ్గానే ఉంది, ఎవరి కోసం ఏడుస్తున్నారో ఆ మనిషే కథలో లేడు.

నేను చాలా ఏళ్లుగా కథలు రాస్తున్నాను, కొత్తవాళ్ల రాతప్రతులు చదివి దిద్దుతుంటాను. నేనూ గేనే. అందుకని రెండు వైపుల నుంచీ చెప్తాను, కొంచెం పెద్దగానే.

నా దగ్గరికొచ్చే ఇలాంటి కథల్లో ఎక్కువ భాగం ఒకే బండి మీద నడుస్తాయి: రహస్యం ఎప్పుడు బయటపడుతుంది? అది బయటి నుంచి చూసేవాళ్ల ఆసక్తి. లోపల బతికేవాళ్లకు రహస్యం రోజూ చేయాల్సిన ఇంటిపని. అంట్లు తోమడం ఉన్నట్టే అదీ ఉంటుంది. రెంటల్ అగ్రిమెంట్ ఒకరి పేరు మీద, గ్యాస్ కనెక్షన్ ఇంకొకరి పేరు మీద. రెండో బెడ్రూమ్‌లో ఎవరూ పడుకోని మంచం. దాని మీద అప్పుడప్పుడూ దుప్పటి నలిపి వదిలేయాలి, లేకపోతే పనమ్మాయికి అనుమానం. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే మిగతావాళ్లు ఇల్లు సర్దుకుంటారు. వీళ్లు కాపురాన్ని విడదీసుకుంటారు. ఒకరి బట్టలు, చార్జరు, బీపీ మాత్రలు ముందురోజు రాత్రి రెండో గదిలోకి మారతాయి. గోకర్ణలో తీసుకున్న ఫొటో బీరువాలో చీరల కవరు కిందికి పోతుంది (అమ్మ వదిలేసి వెళ్లిన చీర, ఆ ఇంట్లో మరే చీరా ఉండదు). వాళ్లు బస్సెక్కాక అన్నీ తిరిగి రావాలి. ఆ తిరిగి సర్దుకోవడంలో ఒకసారి ఒకతను "ఈసారి నేనక్కడే పడుకుంటాలే, మళ్లీ మోయడం ఎందుకు" అంటే, అక్కడ మొదలవుతుంది అసలు గొడవ. ఈ సీన్ మీకు ఊరికే ఇస్తున్నాను, వాడుకోండి.

మీ ఇద్దరి ఊళ్లు కాకినాడ, కరీంనగర్. 2011. మీరు గమనించారో లేదో, అదే ఏడాది ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో బస్సుల్లేవు, కరెంటు కోతలు. ఆ ఇంట్లో టీవీ ముందు ఏం జరిగి ఉంటుంది? నరేష్ తెలంగాణ జేఏసీ పిలుపుకి ఆఫీసు మానేశాడా? శ్రీధర్ ఇంటి నుంచి "ఆ ఊళ్లో ఎందుకురా, వచ్చేయ్" అని ఫోన్లు వచ్చాయా? ప్రేమలో ఉన్న ఇద్దరు నెల రోజులు రాజకీయం వల్ల సరిగ్గా మాట్లాడుకోకపోతే, అప్పుడు వాళ్లు మనుషులవుతారు. గే అనే ఒక్క మేకుకే మనిషిని తగిలించి వదిలేస్తే, మిగతా అంతా ఖాళీగా వేలాడుతుంది. వంటింట్లో కూడా ఇదే: కాకినాడ వాడు పులుసులో బెల్లం వేస్తాడు, రెండోవాడు ముఖం మాడ్చుకుంటాడు. సంక్రాంతికి నరేష్ అమ్మ సకినాలు పంపుతుంది, రెండు కవర్లలో, "ఇది మీ దోస్తుకు" అని విడిగా కట్టి. ఎనిమిదేళ్లు ఆ రెండో కవరు వచ్చింది. ఆమెకు ఏం తెలుసు, ఎంత తెలుసు అని మీరు ఎక్కడా చెప్పకండి. మీకు కూడా తెలియకపోతే ఇంకా మంచిది.

ఇంకో లోటు. ఎనిమిదేళ్లలో నరేష్‌కి ఒక్క పెళ్లి సంబంధం కూడా వచ్చినట్టు లేదు. ఉద్యోగం ఉన్న మగపిల్లాడు, ముప్పై దాటుతున్నాడు, ఊళ్లో అమ్మానాన్న, ఇది నమ్మేలా లేదు. ముందు "చెల్లె పెళ్లి కానీ" అంటాడు. చెల్లి పెళ్లి అయిపోతుంది, అప్పుడు అసలు టెన్షన్. ఆన్‌సైట్ అంటాడు, జాతకం అంటాడు, మోకాలి నొప్పి అని కూడా అంటాడు. కనీసం ఒక పెళ్లిచూపులకి వెళ్లి ఉండాలి. ఆ రోజు శ్రీధర్ ఏం చేశాడు? చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది అతనే కావచ్చు. ఒకవేళ మీరు ఇంకెప్పుడైనా పెళ్లి చేసుకున్న గే మగవాడి కథ రాస్తే, ఆ భార్యను సామానులా మూలన పెట్టకండి. తన తప్పేమిటో తెలియక అద్దం ముందు నిలబడే ఆ అమ్మాయి బాధ మీ హీరో బాధకన్నా తక్కువ కాదు. ఆమెను గయ్యాళిని చేసి అతనికి జాలి సంపాదించిన కథలు నేను పక్కన పెట్టేస్తాను.

ఇప్పుడు చావు. ఇక్కడ మీ డ్రాఫ్ట్‌లో నాకు నచ్చనిది నరేష్ అన్న. ఆస్పత్రిలో శ్రీధర్‌ని గెంటేస్తాడు, తిడతాడు. విలన్ని తీసేయండి. మీ కథలో ఆ కుటుంబానికి ఏమీ తెలియదు కదా, తెలియనివాళ్లు ఎందుకు గెంటుతారు? మన ఊళ్ల నుంచి వచ్చే అన్నలు అట్లా ఉండరు. ఇట్లా ఉంటారు:

రాత్రి పదకొండింటికి గాంధీ మార్చురీ బయట కారాగింది. అన్న, బావ దిగారు. అన్న శ్రీధర్ భుజం మీద చెయ్యేశాడు. "తమ్మీ, నువ్వున్నవు గనక సరిపోయింది. తిన్నవా ఏమన్న?" శ్రీధర్ తల ఊపాడు. "సాయంత్రంసంది నువ్వే తిరుగుతున్నవట గదా. ఇంటికి పోయి పండుకో. మేమొచ్చినం గదా ఇగ."

దయగా అన్న ఆ మాటతో శ్రీధర్‌కి అక్కడ ఉండే హక్కు పోయింది. తిట్టి ఉంటే తిరగబడేవాడు. తిన్నావా అని అడిగినవాడి మీద ఎలా తిరగబడతాడు? మీ కథ మొత్తానికి కీలకం ఇదేనని నా అభిప్రాయం. ద్వేషం వల్ల దూరమైతే ఆ కథ ఎవరైనా రాస్తారు. మంచితనం వల్ల దూరమవడం, అది రాయగలిగితే చదివినవాళ్లు నెల రోజులు మోస్తారు.

ఆ రాత్రి గురించి ఒక సాంకేతిక విషయం. యాక్సిడెంట్ కేసు కాబట్టి పోలీసు పంచనామా, పోస్ట్‌మార్టం తప్పవు. 2019లో చీకటి పడ్డాక మామూలుగా పోస్ట్‌మార్టం చేసేవారు కాదు. వసతులున్న చోట రాత్రి కూడా చేయొచ్చని కేంద్రం చెప్పింది 2021 నవంబర్‌లో. అంటే సాయంత్రం ఏడింటికి పోయిన నరేష్ కోసం తెల్లారేదాకా ఆగాలి. మీరు ఆ రాత్రిని "బరువుగా గడిచింది" అని దాటేశారు. కథకుడికి దొరికిన రాత్రి అది, వదలకండి. గేటు బయట టీ బండి, పక్కనే ఇంకెవరి కోసమో ఏడుస్తున్న కుటుంబం, శ్రీధర్ జేబులో నరేష్ ఫోన్. ఆ ఫోన్ లాక్ ఎలా తీయాలో అతనికి తెలుసు. కానీ అన్న అడిగితే తెలియదనాలి, ఎందుకంటే అందులో అన్నీ ఉన్నాయి.

అలాగే "రక్తసంబంధీకులు వచ్చి సంతకం పెట్టేదాకా ఆపరేషన్ ఆపారు" అనే సీన్ మార్చండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు వైద్యం, తర్వాతే మిగతా లాంఛనాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నిజంలో ఎక్కడైనా ఆలస్యాలు జరగొచ్చు, కానీ మీ ప్లాట్ అంతా దాని మీద నిలబెడితే, డాక్టరు చదివిన రోజున కథ కూలిపోతుంది. దానికన్నా అడ్మిషన్ ఫారమ్ మీద "పేషెంట్‌కి ఏమవుతారు" అనే గడి దగ్గర అతని పెన్ను ఆగడం చాలు. "ఫ్రెండ్" అని రాస్తాడు. రాశాక కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే "ఫ్యామిలీ మెంబర్స్ నంబర్ చెప్పండి సార్" అంటుంది.

తర్వాత ప్రయాణం. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, సిద్దిపేట, కరీంనగర్. మీరు "అంబులెన్స్ బయల్దేరింది" అని రాసి ఊళ్లో దించేశారు. శ్రీధర్ ఎక్కడ కూర్చున్నాడు? శవం పక్కన అన్న, బావ కూర్చుంటారు. దోస్తులు వెనక కార్లో వస్తారు. ఎనిమిదేళ్లు పక్కన పడుకున్నవాడు వెనక కార్లో, ఆఫీసు వాళ్ల మధ్య ఇరుక్కుని, వాళ్ల మాటలు వింటూ. వాళ్లు మధ్యలో ఆగి టిఫిన్ కూడా చేస్తారు, మనుషులు కదా.

ఊళ్లో ఒక విషయం ఆలోచించండి. చాలా ఇళ్లలో భార్య శ్మశానానికి వెళ్లదు. శవం పక్కన కూర్చుని గుండెలు బాదుకుని ఏడుస్తుంది, చుట్టూ ఆడవాళ్లు పట్టుకుంటారు, నీళ్లు తాగిస్తారు. శ్రీధర్ మగవాడు కాబట్టి అతనికి పాడె మోసే వీలుంది, కట్టెల దాకా వెళ్లే వీలుంది. భార్యకు లేనిది అతనికి దక్కుతుంది. ఆమెకు ఉన్నది అతనికి లేదు: ఏడవొచ్చు అనే అనుమతి, పట్టుకునే చేతులు. కొంచెం ఎక్కువ ఏడిస్తే "దోస్తుకింత ఏడుపా" అని ఎవరో చూస్తారు. అందుకని అతను పని చేస్తాడు. కుర్చీలు వేస్తాడు, మంచినీళ్ల క్యాన్లు మోస్తాడు. ఊరివాళ్లు "ఆ ఆంధ్ర పిలగాడు మస్తు కష్టపడ్డడు" అంటారు. మీరు ఇలాంటివి రాస్తే "అతని హృదయం బద్దలైంది" అనే వాక్యం అవసరమే రాదు.

మూడోనాడు పిట్టకు పెట్టడం, అంటే పోయినవాడి పేరున కాకికి ముద్ద పెట్టడం, మీ డ్రాఫ్ట్‌లో లేదు. చేర్చమని నా సలహా. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. ఒక్కొక్కరు ముందుకొచ్చి "చెల్లెను మంచిగ చూసుకుంటం", "అమ్మను బాధపెట్టం" అని మాటిస్తారు. పెళ్లికాని నరేష్ విషయంలో అందరి నోటా ఒకటే: "లగ్గం గాకుండ పాయె బిడ్డ, గదే మనసుల ఉన్నది." శ్రీధర్ వెనక నిలబడి వింటాడు. ఇక్కడ చిన్న హెచ్చరిక. కాకిని మాత్రం శ్రీధర్ మాటకు రప్పించకండి. అతను మనసులో ఏదో అనుకోగానే కాకి వాలితే అది సినిమా. కాకి ఎప్పుడో వస్తుంది, లేదా ముద్ద ఆవుకు పెట్టేస్తారు. అసలు మూడోనాటికి శ్రీధర్ అక్కడ ఉండగలడా అన్నది కూడా చూసుకోండి. ఇంట్లో మనిషి పోతే ఆఫీసు వాళ్లు ఇన్ని రోజులని లెక్కపెట్టి సెలవిస్తారు, రూమ్మేట్ పోతే ఆ లెక్కలో రాదు. క్యాజువల్ లీవ్ పెట్టాలి, కారణం రాయాలి, మేనేజర్ "సో సారీ, సోమవారం రిలీజ్ ఉంది, చూసుకో" అని మెసేజ్ పెడతాడు.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఇంటి ఓనర్. ఆయన్నీ మంచివాడిగానే ఉంచండి. రెండు రోజులు పలకరించడు, మూడో రోజు మెట్ల మీద కలిసి, "ఒక్కడివే రెంట్ కట్టడం కష్టం కదా బాబూ. ఇంకో రూమ్మేట్‌ని చూసుకో" అంటాడు.

కాగితాలు కూడా కథే. వీలునామా లేకుండా పోయిన పెళ్లికాని హిందూ మగవాడి ఆస్తికి మొదటి వారసురాలు తల్లి. బ్యాంకు ఖాతాకి నామినీగా ఎవరి పేరైనా రాయొచ్చు, కానీ నామినీ డబ్బు అందుకునేవాడే, వారసుడు కాడు. పీఎఫ్‌లో చట్టం చెప్పిన కుటుంబం ఉంటే ఆ కుటుంబ సభ్యుల పేర్లే రాయాలి, తన మీద ఆధారపడిన తల్లిదండ్రులు అందులోకి వస్తారు. ఇద్దరూ సగం సగం ఈఎంఐ కట్టిన కారు నరేష్ పేరు మీద ఉంటే, అన్న వచ్చి ఆర్సీ అడుగుతాడు. శ్రీధర్ తీసిస్తాడు. ఆయన తప్పేం లేదు, తమ్ముడి కారు అది. కోర్టులు, లాయర్లు వద్దు, డాష్‌బోర్డ్ లోంచి ఆర్సీ తీస్తుంటే శ్రీధర్ కళ్లజోడు బయటపడటం చాలు.

కథ జరిగే ఏడాది సంగతి. మీ సారాంశంలో వాళ్లిద్దరూ 2011లో అమీర్‌పేట మెట్రో స్టేషన్లో మొదటిసారి కలుసుకున్నారు. మెట్రో మొదలైంది 2017 నవంబర్‌లో. ఎంఎంటీఎస్ లోకల్ రైలుకి మార్చుకోండి, అది 2003 నుంచి ఉంది, భరత్‌నగర్ స్టేషన్ మూసాపేటకి పక్కనే. వాళ్ల పరిచయం కూడా ఇప్పటిలా యాప్‌లో స్వైప్ చేసి కాకపోవచ్చు. 2011లో అందరి చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు. వెబ్‌సైట్ ప్రొఫైల్, ముఖం లేని ఫొటో, నెట్ సెంటర్లో పక్కవాడికి కనపడకుండా స్క్రీన్ చిన్నది చేయడం. కలవడానికి వెళ్లేటప్పుడు జేబులో డబ్బు తక్కువ పెట్టుకోవడం, ఎందుకంటే పిలిచి బెదిరించి గుంజే ముఠాలు ఉండేవి. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 వాళ్లకి పెట్టుబడి. బాధితుడు పోలీసు దగ్గరికి పోలేడని వాళ్లకు తెలుసు. ఇప్పటికీ అలాంటివాళ్లు లేరని కాదు.

చట్టం తేదీలు మీ పాత్రల బతుకు మధ్యలోంచే పోతాయి. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దలు ఇష్టపడి ఏకాంతంలో చేసుకునేది నేరం కాదంది. అంటే వీళ్లు ఇల్లు తీసుకునేటప్పటికి కాస్త ధైర్యం ఉంది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒక బుధవారం మధ్యాహ్నానికి వాళ్లు మళ్లీ నేరస్తులయ్యారు. 2018 సెప్టెంబర్ 6న, గురువారం, అయిదుగురు జడ్జీలు ఆ నేరాన్ని తీసేశారు. వీటిని పాత్రలతో ఉపన్యాసంగా చెప్పించకండి. 2013లో ఆ రాత్రి నరేష్ పాత మెసేజ్‌లన్నీ డిలీట్ చేస్తాడు, శ్రీధర్ చేయనంటాడు. అంతే. 2018లో ఇద్దరూ ఆఫీసు నుంచి వచ్చి, టీవీలో రంగుల జెండాలు చూస్తూ, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో వాదించుకుంటే నాకైతే చాలు. కథను ఇప్పటికి జరిపితే లెక్కలు మారతాయి. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించి అది పార్లమెంటు పని అంది. జాయింట్ అకౌంట్ తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది.

"ఎవరో ఒకరు చావాల్సిందేనా" అన్న మీ స్నేహితుడి మాట కొట్టిపారేయకండి. అతని విసుగుకు కారణం ఉంది. మన కథల్లో గే పాత్ర వస్తే ఉరేసుకుంటాడు, ఎయిడ్స్‌తో పోతాడు, లేదా నవ్వులపాలవుతాడు. హెచ్‌ఐవీ గురించి రాయాలనుకుంటే కనీసం కాలం చూసి రాయండి. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మన దేశంలో 2004 ఏప్రిల్‌లో మొదలైంది, మొదట ఇచ్చిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందులు క్రమంగా వేసుకునే మనిషి అందరిలాగే ముసలివాడవుతాడు. 2019లో హీరోని ఆ జబ్బుతో ఆరు నెలల్లో చంపితే అది రచయిత చేసిన హత్య. మీ యాక్సిడెంట్‌కి ఆ దోషం లేదు. రోడ్డు ఎవరినీ చూసి చంపదు. నరేష్ గే కాబట్టి చావలేదు, అతని చావు వల్ల శ్రీధర్‌కి ఎదురయ్యేదాంట్లోనే గే అన్న విషయం ఉంది. ఆ తేడా ఉన్నంతవరకు చావు నిలుస్తుంది.

అయినా ఇంకో కథ సుఖంగా రాయండి. నిజంలో ఉన్నవే. 2023లో తీర్పొచ్చిన ఆ స్వలింగ వివాహం కేసులో మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో ఉండేవాళ్లే. 2021 డిసెంబర్‌లో ఇంటివాళ్ల మధ్య, స్నేహితుల మధ్య వేడుక చేసుకున్నారు, పేపర్లన్నీ రాశాయి. సుఖమైన కథ రాయడం కష్టం, సంఘర్షణ ఎక్కడ పెట్టాలో తెలియదు అంటారు కొత్తవాళ్లు. నా దగ్గరికొచ్చిన ఒక రాతప్రతి చెప్తాను. ఒకతని తండ్రి, రైతు, కంటి ఆపరేషన్ కోసం కొడుకు ఫ్లాట్‌కి వస్తాడు. చూపించడానికి పెట్టిన రెండో మంచం ఆయనకిస్తారు. రాత్రంతా పరుపు కరకరమంటుంది, ఎందుకంటే దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. పెద్దాయన ఏమీ అనడు. కన్ను బాగయి, ఊరికి పోయే రోజు బ్యాగు సర్దుకుంటూ, "ఈ మంచం మీద ఎవలు పండుకుంటలేరు గదరా. చెల్లెకియ్యి, దానికి పనికొస్తది" అంటాడు. కొడుకు, కొడుకు స్నేహితుడు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇద్దరూ కలిసి మంచం విప్పి ఆటో ట్రాలీలో వేస్తారు. రచయిత మొదట ఆ తర్వాత రెండు పేజీలు తండ్రి చేత ప్రేమ గురించి మాట్లాడించాడు. అవి తీసేయమని మాత్రమే నేను చెప్పాల్సి వచ్చింది.

మీరు గే కాదు, రాయొచ్చా? రాయొచ్చు. రాశాక ఇద్దరు గే మగవాళ్లకి, వీలైతే వేర్వేరు వయసుల వాళ్లకి చూపించండి. వాళ్లలో వాళ్లకే పొసగదు, కంగారు పడకండి. ఇద్దరూ ఒకే చోట వేలు పెడితే అక్కడ దిద్దండి. కానీ ఇంతకన్నా పెద్ద విషయం ఒకటుంది. ఇది మీకు తెలిసిన ఎవరి జీవితమైనా అయితే పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. కాలనీ, కంపెనీ, సొంతూరు, యాక్సిడెంట్ జరిగిన రోడ్డు, ఈ నాలుగూ ఉంటే నరేష్ చెల్లెలు ఆ మనిషిని గుర్తుపడుతుంది. కథ అచ్చయిన ఆదివారం ఒకరి బతుకు బయటపడిందంటే మీ క్షమాపణతో ఏమీ వెనక్కి రాదు. ఉన్న మనిషిని అడిగి రాయండి. పోయిన మనిషి తరఫున, మిగిలినవాడిని అడగండి. అతను వద్దంటే ఊరు, వృత్తి, చావు తీరు మార్చి అసలు ఎముక ఒక్కటే ఉంచుకోండి. మీ సారాంశంలో వివరాలు మరీ కచ్చితంగా ఉన్నాయి, అందుకే అడుగుతున్నాను. అది నిజం కథ అయితే ఇక్కడ పెట్టిన పోస్టు ఈ రోజే మార్చండి.

శారీరకమైన ప్రేమ రాయాలా అని అడగలేదు గానీ, మీ డ్రాఫ్ట్‌లో "ఇద్దరూ ఒకటయ్యారు" అని రాసి పేరా మార్చారు. మగా ఆడా కథైతే అలా తప్పుకునేవారా? పడకగది లోపలికి కెమెరా పట్టుకెళ్లమనడం లేదు. నిద్రలో ఒకరి కాలు ఒకరి మీద ఉండటం, జ్వరం వస్తే మెడ మీద తడిగుడ్డ, గొడవ తర్వాత వంటింట్లో వెనక నుంచి వచ్చి భుజం మీద గడ్డం ఆనించడం. ఈ మాత్రం లేకపోతే పాఠకుడు కూడా ఓనర్ లాగే వాళ్లని రూమ్మేట్లనే అనుకుంటాడు.

భాష విషయంలో ఒక్క మాట. శ్రీధర్, నరేష్ ఇద్దరూ ఒకే పత్రిక భాష మాట్లాడుతున్నారు. నరేష్ ఇంట్లో ఒకలాగ, ఆఫీసులో ఒకలాగ, అమ్మతో ఫోన్లో పూర్తిగా కరీంనగర్ యాసలో మాట్లాడాలి. ఎనిమిదేళ్లకి శ్రీధర్ నోట్లోకి కూడా "గదే" లాంటివి నాలుగు వచ్చి ఉంటాయి. చావింట్లో అతని నోటి నుంచి అలాంటి మాటొకటి జారితే నరేష్ అమ్మ తలెత్తి చూస్తుంది. ఆ చూపు ఏమిటో వివరించకండి.

వేసుకుంటారా అంటే, వేసుకుంటారు. ఆదివారం అనుబంధాల్లో చోటు తక్కువ, మీ కథ పెద్దది, కోయమంటారు. ఈమాట, సారంగ లాంటి వెబ్ పత్రికలకు ముందు పంపండి. "ఇది సాహసోపేతమైన కథ" అని కవర్ లెటర్ రాయకండి, సంపాదకులు అలాంటివి చూడగానే నీరసపడతారు. కథ పేరు, మీ పేరు, ఫోన్ నంబర్ చాలు. తిరిగొస్తే కారణం అడగకుండా ఇంకో చోటికి పంపండి.

తిరగరాసేటప్పుడు మార్చురీ నుంచి మొదలుపెట్టకండి. ఏదో ఒక మామూలు ఆదివారం, చికెన్ కొట్టు దగ్గర లైన్లో నిలబడ్డ నరేష్‌తో మొదలుపెట్టి మొదటి మూడు నాలుగు పేజీలు రాసి చూడండి. అవి ఇక్కడే ఈ సమాధానం కింద పెడితే చదివి చెప్తాను. ఈ నెలాఖరు దాకా నాకు కాస్త తీరిక ఉంది.